పగడానికి పథ్యం

సఖినేటిపల్లి రేవులో పడవ దిగి రాజోలు వైపు పోయే ప్రయాణికుడికి ఆ రోజుల్లో నమ్మకంగా అన్నం దొరికే చోటు ఒక్కటే. గట్టు దిగగానే ఎడమచేతి వైపు తాటాకు ఇల్లు, ముందు పొడుగాటి అరుగు, వెనక కొబ్బరిచెట్ల దొడ్డి. అది పూటకూళ్ళ కామేశ్వరమ్మ ఇల్లు. చిన్న వయసులోనే భర్త పోతే, పుట్టింటికీ అత్తింటికీ కూడా బరువు కానని చెప్పి, ఆ ఇల్లు అద్దెకు తీసుకుని పొయ్యి వెలిగించిన మనిషి. యుద్ధకాలంలో బియ్యానికి కటకటగా ఉన్నప్పుడు కూడా ఆ పొయ్యి ఆరలేదు.

ఆమె గురించి ఊళ్ళో రెండు అభిప్రాయాలుండేవి. చల్లని తల్లి అనేవారు కొందరు. పొగరుమనిషి అనేవారు మరికొందరు. ఆమె ఎదుట విస్తరి వేసుకు కూర్చున్నవాడు "చాలు" అంటే దాన్ని ఆమె ఒక మాట కింద లెక్కపెట్టేది కాదు. నరసాపురం ప్లీడరు గుమాస్తా ఒకాయన విస్తట్లో రెండు చేతులూ అడ్డం పెడితే, ఆ చేతుల మీదే పెరుగు వడ్డించిందని చెప్పుకునేవారు. అది జరిగిందో లేదో ఇప్పుడు తేల్చడం కష్టం. ఆమె మాత్రం ఎన్నడూ కాదనలేదు. రెండు అభిప్రాయాల్లోనూ కొంత నిజముంది. తన అరుగు దిగినవాడెవడూ వెలితి కడుపుతో పోలేదన్న ఒక్క మాట మీద ఆమె బతుకు నిలబడింది. ఆ మాటకు ఎంత గర్వపడాలో అంతా పడింది.

1951లో, ఆషాఢంలో, గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో, ఒక ఉదయం పడవ తాతబ్బాయి నరసాపురం ప్రయాణికులను దింపి తిన్నగా ఆమె వాకిట్లోకి వచ్చాడు. భోజనానికి వేళ కాలేదు. మొహం మాత్రం వెలవెలబోయి ఉంది.

"అమ్మగారండీ, ఏటి మధ్య లంకలో గుర్రం ఉందండి. నీళ్ళలో నిలబడుందండి."

"గుర్రమేవిటి తాతబ్బాయ్, లంకలో?"

"ఏవోనండి. కదలట్లేదండి. నీరు పొట్టకి తగిల్నాదండి. సాయంత్రానికి మెడదాకా వచ్చేత్తాదండి."

"గుర్రానికి ఈత రాదూ?"

"వచ్చండి. అదే నాకూ అంతు పట్టట్లేదండి."

"మరి ఇక్కడ నించుని నాకు చెప్తావేం? వెళ్ళి పట్టుకురా."

"పట్టుకొచ్చి పడవెక్కించడానికి అదేవన్నా పెళ్ళివారాండి?" అన్నాడు తాతబ్బాయి. అరుగు మీద ఉన్న ఇద్దరు ప్రయాణికులు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఎక్కకపోతే ఈడ్చుకురా. ఇవాళ నీకు అన్నం ఆ గుర్రం వచ్చాకే."

తాతబ్బాయి గొణుక్కుంటూనే ఇద్దరు తెడ్లవాళ్ళను వేసుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవ అంచుకు ఆనించి పట్టుకున్న గుర్రం తల ఒక్కటే నీళ్ళ పైన కనిపించింది. రేవులో కాళ్ళకు నేల తగిలాక అది నిలబడింది, పడింది, మళ్ళీ నిలబడింది. గట్టు మీదికి చేరాక దాని ఒళ్ళు పూర్తిగా కనిపించింది. డొక్కలో ఎముకలు లెక్కపెట్టవచ్చు. వీపు మీద జీను ఒరుసుకున్న పాత పుండ్లు మళ్ళీ పచ్చిబడ్డాయి. ముందరి కాళ్ళ చుట్టూ, గిట్టలకు కాస్త పైన, ఎర్రటి కడియాల్లాంటి గాయాలు.

ఆ గాయాలేమిటని ఆమె అడగబోయే లోపల తాతబ్బాయి పడవలోంచి ఒక తాడు ముక్క తీసి చూపించాడు.

"అది ఈదకపోడానికి ఇదండి సంగతి. ముందరికాళ్ళు రెండూ కలిపి కట్టేసున్నాయండి. కొబ్బరితాడు నీళ్ళకి ఉబ్బి కండలో దిగిపోయిందండి. కత్తితో కొంచెం కొంచెంగా కోయాల్సొచ్చిందండి."

కామేశ్వరమ్మ ఆ తాడు చేతిలోకి తీసుకుంది. దానంతటది చిక్కుకున్న తాడు కాదది. ముడి మీద ముడి ఉంది. ఎవరో కూర్చుని, తీరిగ్గా, ఊడకుండా చూసి కట్టిన కట్టు. నది ఏం చేస్తుందో తెలిసిన చెయ్యి కట్టింది.

అప్పుడు ఆమె గుర్రం మొహం చూసింది. ఎర్రటి నుదుటి మీద తెల్లటి చుక్క, చివర చీలిన ఎడమచెవి.

"పగడం!" అంది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పగడం జట్కా జగ్గారావు గుర్రం. రాజోలు నుంచి రేవుకూ, రేవు నుంచి రాజోలుకూ పన్నెండేళ్ళుగా ప్రయాణికులను చేరవేసిన ఆడగుర్రం. ఎవరూ కళ్ళెం లాగకపోయినా ఈ ఇంటి ముందు ఆగేది. ముందు దానికి నీళ్ళు పెట్టనిదే జగ్గారావు విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. ఆ ఒక్క గుణం వల్లనే కామేశ్వరమ్మకు అతనంటే గౌరవం. యుద్ధం అయ్యాక ఆ రోడ్డు మీద పెట్రోలు బస్సులు తిరగసాగాయి. జట్కాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. ఆ చైత్రంలో జగ్గారావు ఇదే అరుగు మీద కూర్చుని, పగడాన్ని ద్రాక్షారామం వైపు వర్తకుడికి అమ్మేశానని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఆ రోజు అతనికి మామూలుకన్నా ఎక్కువే వడ్డించింది.

"అమ్మేశానన్నాడు కదండీ, జగ్గడు?" అన్నాడు తాతబ్బాయి.

"కొన్నవాడు చేసిన పనేమో. తెలియకుండా మాట తూలకు" అందామె. ఆ పూట జగ్గారావు పక్షాన మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. కబురు పంపింది. అతను రాలేదు. రాకపోవడంతో ఆమెకు సగం జవాబు దొరికింది. తన చేత్తో అన్నం పెట్టిన మనిషి అబద్ధమాడి ఏడిచాడా, అన్న ప్రశ్న ఆమెను ఆ రోజంతా నిలవనివ్వలేదు.

నిలవలేని మనిషి తనకు తెలిసిన పనే చేస్తుంది. ఆమెకు తెలిసిన వైద్యం ఒకటే. పెద్ద గుండిగలో ఉలవలు ఉడకబెట్టి, బెల్లం కలిపి, దొడ్లో దాని ముందు తొట్టె నింపింది. పగడం తల ఎత్తకుండా తిన్నది. మళ్ళీ నింపింది. ఇంతలో ఊళ్ళోకి పొక్కింది. కోనసీమలో జబ్బుమనిషిని చూడబోయేవాళ్ళు వట్టి చేతులతో పోరు. తెచ్చినదాన్ని వద్దనే హక్కు ఆ ఇంటివాళ్ళకు లేదు. వద్దంటే తెచ్చినవాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టే. గుర్రం విషయంలోనూ ఎవరూ ఆ మర్యాద తప్పలేదు. కరణంగారి భార్య సరోజిని గంపెడు తవుడు పంపింది. గానుగ వీరమ్మ నూనె తీయగా మిగిలిన కొబ్బరిపిండి తెచ్చింది. ఎవరో పరమాన్నం కూడా తెచ్చారు. పగడం అన్నీ తిన్నది. అది నమిలే చప్పుడు వింటుంటే కామేశ్వరమ్మ గుండె కొంత కుదుటపడింది.

మర్నాడు భోజనాల వేళకు దొడ్లోంచి దబ్బుమని చప్పుడైంది. వడ్డిస్తున్న గరిటె అక్కడే వదిలి పరుగెత్తింది. పగడం నేల మీద దొర్లుతోంది. లేస్తుంది, తన డొక్కకేసి తానే తిరిగి చూసుకుంటుంది, కాలితో పొట్టను తన్నుకుంటుంది, మళ్ళీ కూలబడుతుంది. ఒళ్ళంతా నీళ్ళు పోసినట్టు చెమట. ఏట్లో తడిసినందుకు జ్వరమనుకుంది ఆమె. రాజోలు పశువుల డాక్టరుకు మనిషిని పంపింది.

డాక్టరు సైకిలు మీద వచ్చాడు. చిన్నవాడే, మాట మాత్రం కటువు. పగడం పొట్టకు చెవి ఆనించి విన్నాడు. పళ్ళు చూసి ఇరవై దాటిన గుర్రమన్నాడు. తరవాత తొట్టె దగ్గరికి వెళ్ళి, అడుగున మిగిలిన ఉలవలూ తవుడూ వేలితో కెలికి చూశాడు.

"ఎవరు పెట్టారిదంతా?"

"నేనేనండి. ఊళ్ళోవాళ్ళూ తలా కాస్త తెచ్చేరు. ఎన్నాళ్ళుగానో తిండి లేని ప్రాణి కదా అని..."

"తిండి లేని ప్రాణి కనకనే పెట్టకూడదమ్మా. దాని పేగులు పని మరిచిపోయి ఉన్నాయి. గుర్రానికి వాంతి కాదు. ఎక్కువైంది బయటికి పోయే దారి లేదు. ఏట్లో మునిగి చావలేదు, లంకలో ఆకలికి చావలేదు. ఇక్కడ మీ చేతి తిండికి చస్తోంది."

కామేశ్వరమ్మ కొయ్యబారిపోయింది. అరుగు మీద విస్తళ్ళ ముందు జనం ఎదురుచూస్తున్నారన్న సంగతి కూడా ఆమె తలలో లేదు.

"అన్నం చంపుతుందా?" అని అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"చంపుతుంది" అన్నాడాయన. ఓదార్పుగా ఇంకో మాట కలపలేదు.

వెదురుగొట్టంతో నూనెమందు పట్టించారు. పడుకోనివ్వకుండా నెమ్మదిగా నడిపిస్తూ ఉండమన్నాడు డాక్టరు; లద్ది వేస్తే బతికినట్టే అన్నాడు. ఒక పక్క తాతబ్బాయి, ఒక పక్క ఆమె, కొబ్బరిచెట్ల మధ్య సాయంత్రం దాకా తిప్పారు. ఆమె జీవితంలో మొదటిసారి ఆ పూట అరుగు మీద భోజనాలు సగంలో ఆగిపోయాయి. ఆమె ఆలోచన అంతా ఒకే చోట తిరిగింది. తాడు కట్టినవాడు దీన్ని చంపాలనుకుని చంపలేకపోయాడు. తాను బతికించాలనుకుని దాదాపు చంపేసింది. ఫలితం బట్టి తీర్పు చెప్పాలంటే ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పు? ఆ లెక్క ఆమెకు తెగలేదు.

పొద్దు వాలే వేళకు తాతబ్బాయి ఒక్క కేక పెట్టాడు. "లద్దేసిందండోయ్ అమ్మగారూ! లద్దేసిందండి!"

మడి కట్టుకునే కామేశ్వరమ్మ గుర్రపు మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడిచింది. ఎదురింటివాళ్ళు ఈ దృశ్యాన్ని తరవాత చాలా ఏళ్ళు చెప్పుకున్నారు, కొంచెం వెటకారంగానే.

డాక్టరు పథ్యం రాసి ఇవ్వలేదు, నోటితోనే చెప్పాడు. కడిగిన గరిక, ముసలి పళ్ళు కనక సన్నగా తరిగి, గుప్పెడు గుప్పెడు చొప్పున. నీళ్ళు. తాను చెప్పేదాకా గింజ పడకూడదు. గాయాలకు వేపాకు కాచిన నీళ్ళు. ఈ మాటల్లో కష్టమైనది ఏదీ లేదు, వద్దనడం తప్ప.

సరోజిని మర్నాడే మళ్ళీ వచ్చింది. పనిమనిషి నెత్తిన గంప.

"వద్దు సరోజినమ్మగారూ, తీసుకెళ్ళండి" అంది కామేశ్వరమ్మ, కంచె తలుపుకు అడ్డంగా నిలబడి.

"అయ్యో, తవుడేనండీ. మాకేం తక్కువై తెచ్చేనా?"

"ఎక్కువైతే మీ గేదెలకు పెట్టుకోండి."

సరోజిని మొహం ఎర్రబడింది. "మా మావగారు మీ అరుగు మీద చాలంటే వినకుండా నాలుగోసారి పులుసు పోసేరు మీరు. ఇంటికొచ్చి మూడ్రోజులు మంచం దిగలేదాయన. అప్పుడు మేవెవరవన్నా ఒక మాటన్నామా?"

"అనవలసింది" అంది కామేశ్వరమ్మ. "అని ఉంటే ఈ గుర్రానికి మేలు జరిగేది."

సరోజిని పనిమనిషిని గంపతో సహా వెనక్కి తిప్పింది. వీరమ్మ వచ్చింది, వెనక్కి పోయింది. ప్రయాణికులు విస్తట్లో మిగిల్చిన అన్నం కంచె మీదుగా విసరబోతే చేతులు పట్టుకుని ఆపింది. పూటకూళ్ళమ్మ తిండి వద్దంటోందన్న వార్త పడవల మీద నరసాపురం దాకా పోయింది. అన్నిటికన్నా కష్టమైనది పగడంతోనే. కాస్త ఓపిక వచ్చాక అది వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, ముందరికాలితో నేలను గీరుతూ సకిలించేది. ఆమె వీపు తిప్పుకుని కూర్చుని బియ్యం ఏరుకునేది. వినిపించనట్టు నటించడం ఆమెకు చేతకాలేదు, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది. అయినా లేవలేదు.

కార్తీకం వచ్చేసరికి పుండ్లు మానాయి. డొక్క నిండింది. కొత్త వెంట్రుక మెరుస్తూ వచ్చింది. డాక్టరు చూసి, "బతికింది. కానీ ఇక్కడ ఉంచకండి" అన్నాడు. "రోజుకు ఇంతమంది తిని చేతులు కడుక్కునే చోట దీని పథ్యం ఎన్నాళ్ళు కాపాడతారు? ముసలి గుర్రం. ఇంకోసారి అలా అయితే నేను వచ్చినా లాభం లేదు."

ఆమెకు ఆ మాట నిజమని తెలుసు. ముందురోజే ఎవరో యాత్రికుడు భక్తిగా అరిసెల పొట్లం దాని నోటికి అందించబోతే చూసి కేకలేసింది.

గుర్రాన్ని అడిగినవారు ఒక్కరే. రాజోలు దగ్గర పల్లెలో ఉండే సుబ్బరాజుగారు. తాతల నాటి నుంచి గుర్రాలున్న ఇల్లు. ఇప్పుడు గుర్రాల సావిడి ఖాళీ. కొబ్బరితోట నిండా గడ్డి. పెద్దమనిషి తానే స్వయంగా వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"మా ఇంట్లో దానికి లోటేవిటండీ కామేశ్వరమ్మగారూ! పొద్దున్న ఉలవలు, మధ్యాహ్నం శనగలు, సాయంత్రం బెల్లంతో దాణా. మా ఇంటికొచ్చిన చుట్టమే తినలేక పారిపోతాడు, నోరులేని దాన్ని పస్తుంచుతామా?"

ఆయన మంచిమనిషి. అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ వింటున్న కామేశ్వరమ్మకు ఒళ్ళు జలదరించింది. ఆషాఢంలో తాను ఎలా ఉందో, ఎదురుగా ఆయన అలాగే కూర్చుని ఉన్నారు.

"ఆలోచించుకుని చెప్తాను రాజుగారూ" అంది. రాజుగారికి అలాంటి జవాబు అలవాటు లేదు. లేచి వెళ్ళారు.

రాజుగారు గుర్రాన్ని అడిగారన్న కబురు విని మూడోనాడు జగ్గారావు వచ్చాడు. లోపలికి రాలేదు. కంచె అవతల, చిక్కిపోయిన మనిషి, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కామేశ్వరమ్మ చూసేలోపు పగడం చూసింది. చెవులు ముందుకు నిక్కబొడుచుకుని, గరిక వదిలేసి, గబగబా కంచె దగ్గరికి నడిచి, అతని భుజం మీద తల పెట్టింది.

ఆమె నిర్ఘాంతపోయింది. ఆ క్షణంలో ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది జగ్గారావు మీద కాదు, గుర్రం మీద.

"నువ్వేనా?" అని అడిగింది.

"ఆయ్. నేనేనండి."

"అమ్మేశానన్నావు."

"ఎవరూ కొన్లేదండి అమ్మగారూ. ఊరికే ఇత్తానన్నా తీసుకోలేదండి. మా ఇంటిది మంచంలో ఉందండి, ఇంట్లో గింజ లేదండి. లంకలో గడ్డుంటాది, దాని బతుకు అది బతుకుతాదని వదిలేనండి."

"గడ్డి కోసమే వదిలితే, తాడెందుకు?"

జగ్గారావు గుర్రం నుదుటి చుక్క మీద చెయ్యి వేశాడు. పగడం అతని చెవి దగ్గర ఊపిరి వదులుతూ నిలబడే ఉంది.

"మొదటిసారి కట్టలేదండి" అన్నాడు చివరికి. "మర్నాడు తెల్లారేసరికి ఏరు ఈదేసి మా గుమ్మంలో నిలబడుందండి. పెట్టడానికి నా దగ్గరేం లేదండి. తాడు లేపోతే ఇంటికొచ్చేత్తాదండి."

క్రూరత్వం ఎలా ఉంటుందో తనకు తెలుసనుకుంది కామేశ్వరమ్మ. అది ఇంత మామూలు గొంతుతో, ఇంత నిజంగా, కళ్ళనీళ్ళతో తన ఎదుట నిలబడుతుందని ఎన్నడూ అనుకోలేదు. "పో" అంది. అతను వెళ్ళాడు. పగడం కంచె వెంట చివరిదాకా నడిచింది.

రెండు మూడు రోజులు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తరవాత తాతబ్బాయి చేత సుబ్బరాజుగారికి కబురంపింది. ఆయన వచ్చాక ఊరు విస్తుపోయే మాట ఒకటి చెప్పింది.

"గుర్రాన్ని మీకిస్తాను. జగ్గారావుని కూడా పెట్టుకోవాలి. దాని తిండి అతని చేతి మీదే జరగాలి."

"కాళ్ళు కట్టి ఏట్లో వదిలిన వెధవని నా సావిట్లో పెట్టుకోమంటారా?" సుబ్బరాజుగారు లేచి నిలబడ్డారు.

"అంటాను. వాడు చేసినది చిన్న తప్పని అనను. కానీ పన్నెండేళ్ళు ఆ గుర్రాన్ని ఎండా వానా నడిపి, ఒక్కనాడు కడుపునొప్పి రానివ్వని మనిషి కూడా వాడే. పెట్టడానికి లేక పాపం చేసేడు. మీ ఇంట్లో పెట్టడానికి ఉంది. పెట్టొద్దనే మనిషే లేడు. మీరూ, మీ ఇంటివాళ్ళూ పిడికెడు శనగలు పట్టుకుని దాని దగ్గరికి పోకూడదు."

"నా ఇంట్లో నా చేతికి ఆంక్షా!"

"నా చేతికి నేనే వేసుకున్నాను రాజుగారూ. చాలా బాధ. చచ్చిపోం."

ఆయన పంచె అంచు సర్దుకున్నారు, మీసం సర్దుకున్నారు, దొడ్లో గరిక తింటున్న గుర్రాన్ని చూశారు. "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారు, ఎవరో తోసినట్టు.

రాజుగారు వెళ్ళాక తాతబ్బాయి తిట్టాడు. "పిచ్చెక్కిందాండి మీకు? ఆడి చేతికే ఇత్తారా?" కరణంగారి ఇంట్లోనూ అదే మాట. ఈ తీర్పు తప్పనడానికి వాళ్ళకు కావలసినంత ఆధారం ఉంది. ఒకసారి కట్టిన చెయ్యి మళ్ళీ కట్టదని హామీ ఏమిటి? ఆమె దగ్గర హామీ లేదు. డాక్టరును అటు వెళ్ళినప్పుడల్లా చూడమంది. చెప్పాపెట్టకుండా తానే వస్తానని ఇద్దరికీ చెప్పింది.

ఈ సంగతి తరవాత కామేశ్వరమ్మ వడ్డనలో చెయ్యి తగ్గించిందని కొందరంటారు. విచారిస్తే సాక్ష్యం దొరకదు. ఎప్పటిలాగే వడ్డించిందని తాతబ్బాయి ఒట్టు వేసేవాడు. బహుశా మనుషులు నోరున్నవాళ్ళు కదా అనుకుని ఉంటుంది.

మరుసటి వేసవిలో, చెప్పినట్టే చెప్పకుండా, ఆమె సుబ్బరాజుగారి తోటలో దిగింది. పగడం కొబ్బరినీడలో గడ్డి కొరుకుతోంది. డొక్క సమంగా ఉంది. గిట్టలు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మచ్చల చుట్టూ వెంట్రుక మూసుకుపోయింది. ఆమె ఒంగి, ప్రతి కాలూ తడిమి చూసింది.

సుబ్బరాజుగారు నవ్వు ఆపుకోలేకుండా ఉన్నారు. "ఒకనాడు మనసు ఉండబట్టలేక గుప్పెట్లో శనగలు పట్టుకెళ్ళేనండి. మీ జగ్గడు నా చెయ్యి పట్టేసుకున్నాడండీ! నా తోటలో, నా చెయ్యి! మా పాలేర్లందరూ చూస్తూ ఉండగా!"

"మీరేం చేసేరు?"

"ఏం చేస్తాను? నేనే తినేశాను."

ఆమె తిరుగుబండి ఎక్కబోతుంటే జగ్గారావు వెనకే వచ్చాడు. కొడవలి కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. భార్య లేచి తిరుగుతోందని చెప్పాడు.

"క్షమించేనని ఒక్క మాటనండి అమ్మగారూ. అదెలాగూ నన్ను ఒక్కనాడూ తప్పుగా చూళ్ళేదండి."

కామేశ్వరమ్మ అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"అది గుర్రం, జగ్గారావ్. నేను మనిషిని" అంది. "మళ్ళీ శ్రావణంలో వస్తాను. గరిక కడిగే పెట్టు."

బండి కదిలింది.